నాయన కంప్యూటరు లేవని వారం

ధర్మవరం,
రెండో శనివారం, పొద్దున.

అమ్మకు,

నీ పెద్దకూతురు భాను నమస్కారాలు. ఇక్కడ నేను, నాయన క్షేమం. ఈ మాట ఇదివరకు ఎన్నో ఉత్తరాల్లో ఆలోచించకుండా రాసేశాను. ఈసారి రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను. ఒంటి వరకు క్షేమమే అని దిద్దుకుంటున్నాను. హుబ్లీలో నువ్వు, అమూల్య, అల్లుడు, పేరింకా పెట్టని ఆ చిన్నది అందరూ బాగున్నారని నీ ఉత్తరం చూశాక ధైర్యం వచ్చింది. డాక్టరమ్మ ప్రయాణం వద్దనబట్టి గానీ, లేకుంటే ఆ బిడ్డ ఈ ఇంట్లోనే పుట్టాల్సింది. ఆ బెంగ నీకు ఎంతుందో నాకూ అంతే ఉంది.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. నల్లమ్మ పాలు టైముకే పోస్తోంది, నువ్వు లేవని నీళ్ళేమీ ఎక్కువ కలపడం లేదు. నాయన బీపీ మాత్ర తప్పడం లేదు. పెనుకొండలో మా ఇల్లు తాళం వేసే ఉంది. మా ఆయన ఆదివారాలు నేరుగా ఇక్కడికే వస్తున్నారు, నేను పొద్దున రైలుకు పోయి కాలేజీలో పాఠాలు చెప్పి సాయంత్రానికి ఇల్లు చేరుతున్నాను. రాగిసంగటి నీ చేతిలో వచ్చినట్లు నాకు రావడం లేదు. నాయన ఏమీ అనకుండా తింటున్నాడు. అనకపోవడమే నాకు భయంగా ఉంది.

ఆయుధపూజకు కంప్యూటరుకు బొట్టు పెట్టావా, నీ చదువు అడ్డమొచ్చిందా అని కూడా అడిగావు. పెట్టానమ్మా. ఆ గదంతా తడిగుడ్డతో తుడిచాను. నీలాగే డబ్బా ముందు నిమ్మకాయ పెట్టాను, టెంకాయ కొట్టాను. నాయన తన పాత గ్రాఫు పుస్తకం, స్కేలు, ఎర్ర పెన్సిలు కూడా తెచ్చి పక్కన పెట్టాడు. చీర అంచులు చేత్తో గీయడం మానేసి పదకొండేళ్ళయినా వాటిని పూజకు తేవడం మానలేదు. ఆ రోజు మగ్గాలతోపాటు కంప్యూటరుకూ సెలవే కదా. మరుసటి రోజు దశమి పొద్దున్నే స్నానం చేసొచ్చి, దండం పెట్టుకొని స్విచ్చి వేశాడు.

లేవలేదు. ఫ్యాను తిరిగింది, లైటు వెలిగింది, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్. ఆపి మళ్ళీ వేశాడు. మళ్ళీ అదే వాక్యం. నన్ను పిలిచి, ‘ఇది ఏమంటాందమ్మా?’ అని అడిగాడు. దేంట్లోంచి మొదలుపెట్టాలో దానికి తెలియడం లేదంటోంది నాయనా అని చెప్పాను.

ఇదంతా ఫోన్లో ఎందుకు చెప్పలేదని నీకు కోపం రావచ్చు. గట్టిగా అరిస్తే గానీ నీకు వినపడదు, అరిస్తే నాయనకు వినపడుతుంది. అందుకే కాగితం తీసుకున్నాను.

నాకు తెలిసినంతలో చూశాను. స్విచ్చి వేయగానే డిలీట్ మీట నొక్కుతూ ఉంటే లోపలి సంగతులన్నీ చూపించే ఒక తెర వస్తుంది. దాంట్లో ఎస్‌ఎస్‌డి పేరు కనిపిస్తోంది. నిరుడు మన పాత హార్డ్‌డిస్క్ తీసేసి హిందూపురం సాదిక్ వేసిచ్చిన అరచేతి బిళ్ళ ఉంది చూడు, అదే. నాయన డిజైన్లన్నీ, విండోసుతో సహా, దాంట్లోనే. మరి డిస్కు అక్కడ ఉందని కంప్యూటరుకు తెలుసు. దాంట్లోంచి మొదలుపెట్టడం మాత్రం తెలియదు. ఇది నాకు విచిత్రంగా తోచింది. చెడిపోయి ఉంటే అసలు కనపడకూడదు కదా? కనపడుతున్నది పలకకపోవడం ఏమిటి? నా ఫోన్లో ఆ తెరను ఫోటో తీసి పెట్టుకున్నాను. ఎందుకు తీశానో అప్పటికి నాకే తెలియదు.

శుక్రవారం ఇక్కడే ఒకాయనను పిలిపించాము. ఐదు నిమిషాలు చూసి, డిస్కు పోయింది, ఫార్మాట్ కొట్టి కొత్తగా విండోస్ వేస్తానన్నాడు. ఫార్మాట్ కొడితే ఇందులోని డిజైన్లు ఏమవుతాయంటే, అవన్నీ పోతాయన్నాడు, చాలా మామూలుగా. నాయన తల ఊపి సరే అనబోయాడు. ఏడాదిన్నర పని అమ్మా. మగ్గాల తిమ్మరాజు ఒప్పజెప్పిన కదిరి వాళ్ళ పెళ్ళిచీర అంచు కూడా అందులోనే సగంలో ఉంది. చెయ్యి వణుకుతుంటే మౌసును రెండు చేతులతో పట్టుకొని ఐదు వారాలు చేసిన పని. నేను ఆ మనిషికి కాఫీ ఇచ్చి పంపించేశాను.

శనివారం డిస్కు ఊడదీసి, రుమాలులో చుట్టి, సంచిలో పెట్టుకొని హిందూపురం పోయాను. సాదిక్ అంగడిలో దాన్ని ఒక వైరుతో తన కంప్యూటరుకు తగిలించాడు. తెరుచుకుంది. అన్నీ ఉన్నాయి. హంసల అంచు, రుద్రాక్ష అంచు, నువ్వు బాగుందన్న మామిడిపిందెల అంచు, సగంలో ఉన్న కదిరి పెళ్ళి అంచు. ఒక్కటీ పోలేదు. సాదిక్ అన్నీ పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇచ్చి, డిస్కు బంగారంలా ఉందని, జబ్బు ఇంకెక్కడో ఉందని, ఆదివారం వచ్చి చూస్తానని చెప్పాడు.

అక్కడినుంచే నాయనకు ఫోన్ చేసి శుభవార్త చెప్పాను. అంతా విని అన్నాడు, ‘డిస్కు బాగుండాదంటే, చెడగొట్టింది నేనే అయింటాను కదమ్మా.’

నేను ఊహించలేదు. డిజైన్లు దొరికితే కష్టం గట్టెక్కినట్లే అనుకున్నాను. నాయన లెక్క వేరు. డిస్కు పాపం కాకపోతే చేతి పాపమే. పూజకు ముందురోజు సాయంత్రం పని ముగించేటప్పుడు చెయ్యి వణికి ఏవో రెండు మీటలు పడ్డాయట, తెర మీద ఒక నీలం పెట్టె వచ్చిందట, చదవకుండానే మూసేశాడట. ఆ పెట్టెను ఇప్పుడు పదేపదే తలుచుకుంటున్నాడు. దాంట్లో ఏం రాసి ఉందో గుర్తు రావడం లేదని, చేతితోపాటు బుర్ర కూడా పోతోందని తీర్మానించుకున్నాడు.

ఆదివారం సాదిక్ వచ్చాడు. వైరు మార్చాడు, డిస్కును ఇంకో చోట గుచ్చాడు, మెమరీ తీసి తుడిచి పెట్టాడు. నల్లటి తెర, అదే వాక్యం. ఒక్కొక్కటిగా అడగడం మొదలుపెట్టాడు. ఈ మధ్య పిడుగులేమన్నా పడ్డాయా? కొత్తవి ఏమన్నా ఎక్కించారా? డబ్బా ఎవరైనా విప్పారా? గోడ ప్లగ్గు తీసి పెట్టారా? నేను అన్నిటికీ లేదు లేదని చెబుతూ పోయాను. సాదిక్ తల గోక్కున్నాడు. ‘ప్లగ్గు తీయలేదంటే నేను పెట్టిన సెట్టింగులు మారవు మేడమ్. మదర్‌బోర్డే దెబ్బ తినింటుంది. పాతది కదా. ఇంకో బోర్డు దొరుకుతాదేమో చూస్తా.’

నాయన వాకిలి దగ్గర నిలబడి వింటున్నాడు. ‘నీ బోర్డు బాగానే ఉండాది సాదిక్. నేనే ఏందో నొక్కినా’ అన్నాడు.

సాదిక్ నవ్వుతూ, మీట నొక్కితే డిజైను చెడుతుంది గానీ మిషన్ చెడదు పెద్దయ్యా అని సర్దిచెప్పాడు. నాయనకు ఎక్కలేదు. సోమవారం తిమ్మరాజు వచ్చాడు. అంచు ఎంతవరకు వచ్చిందో చూసుకొని, మగ్గానికి అంచు ఎక్కించే బెజ్జాల అట్టలు కొట్టించుకోవాలని వచ్చాడు పాపం. నాయన పెన్‌డ్రైవు తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

‘ఇంకెవురికన్నా ఇచ్చుకో తిమ్మరాజూ. నా చెయ్యి నా మాట వినేది మానేసింది.’

‘ఏమన్నా పుల్లయ్యన్నా, మిషన్ మొరాయిస్తే మనిషి పని మానుకుంటాడా? మా ఆయమ్మ మిక్సీ చెడిపోయినాదని వంట మానేసిందంటే నేను ఒప్పుకుంటానా?’

నాయన నవ్వలేదు. తిమ్మరాజు కాసేపు కూర్చొని, పెన్‌డ్రైవు జేబులో వేసుకొని వెళ్ళిపోయాడు. ఆ రోజునుంచి నాయన ఆ గదిలోకి పోవడం మానేశాడు. పొద్దున పేపరు చదవడం, మధ్యాహ్నం పడుకోవడం, సాయంత్రం అరుగు మీద కూర్చోవడం. నాయన అరుగు మీద ఊరికే కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదమ్మా. ‘మీ నాయన ఫోన్లో ఊ, ఆ అంటాడే గానీ మాట్లాడడేమి?’ అని రాశావు కదా, అదీ సంగతి.

ఇక నా సంగతి. సాదిక్ అడిగిన ప్రశ్నల్లో ఒకదానికి నేను చెప్పినది అబద్ధం.

పూజ రోజు తడిగుడ్డతో తుడిచేటప్పుడు షాకు కొడుతుందేమోనని యూపీఎస్ నుంచి, గోడ నుంచి అన్ని తీగలూ పీకేశాను. నువ్వైతే ఎప్పుడూ వాటి జోలికి పోకుండా పైపైన బొట్టు పెట్టేదానివి. నాకు ఎక్కడో చదివిన జాగ్రత్త. ఒక పగలు, ఒక రాత్రి అది అట్లాగే పడి ఉంది. దశమి పొద్దున నాయన స్నానానికి పోయినప్పుడు మళ్ళీ గుచ్చేశాను. నేను తప్ప ఎవరూ చూడలేదు. సాదిక్ అడిగిన క్షణంలో నాకది గుర్తుంది. గుర్తుండే లేదన్నాను.

ఎందుకన్నానో ఇన్ని రోజులుగా నన్ను నేనే అడుగుతున్నాను. అంతకు ముందురోజు రాత్రే నాయనను నిలబెట్టి, ఏం నొక్కావు, ఎప్పుడు నొక్కావు, ఎందుకు చదవకుండా మూశావని పిల్లవాడిని అడిగినట్లు అడిగాను. అంత అడిగినదాన్ని, నాయన ముందే నేనూ ఒకటి చేశానని చెప్పుకోలేకపోయాను. ప్లగ్గు తీస్తే ఏమవుతుందిలే, దానికీ దీనికీ సంబంధం లేదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నీకు తెలుసు, గ్యాసు కట్టేశానో లేదోనని వీధి చివరినుంచి వెనక్కి వచ్చే మనిషిని నేను. కాలేజీలో చరిత్ర చెబుతూ, ఆధారం లేనిదే ఏదీ నమ్మవద్దని పిల్లలకు నూరిపోసేదాన్ని. అన్నిటినీ అనుమానించేదాన్ని ఆ ఒక్క ‘లేదు’ దగ్గర అనుమానించలేదు.

బుధవారం కాలేజీలో భోజనాలప్పుడు ఆ ఫోటో తీసి చూస్తున్నాను. ఒక మూలలో తేదీ ఉంది. జనవరి ఒకటి, రెండువేల పదమూడు. మన దశమికి అది జనవరి ఎందుకవుతుంది? కంప్యూటరు ల్యాబు చూసుకునే జోసెఫ్‌కు చూపించాను. అతను ఫోను అటూ ఇటూ తిప్పి చూసి, బోర్డు మీద రూపాయి బిళ్ళంత సెల్ ఒకటి ఉంటుందని, తేదీని, మనం పెట్టిన సెట్టింగులను అదే కాపాడుతుందని చెప్పాడు. అది అయిపోయినా గోడ కరెంటు అందుతున్నంతకాలం బయటపడదట. యూపీఎస్ ఉన్నవాళ్ళకు అసలే తెలియదట. ‘ఎప్పుడన్నా ప్లగ్గు పీకినారా మేడమ్? పీకితే ఇది అంతా మరిచిపోతాది. ఫ్యాక్టరీలో ఎట్ల పుట్టిందో అట్ల అయిపోతాది’ అన్నాడు.

మన బోర్డు పాతకాలపు పద్ధతిలో డిస్కును చదివేటట్లు పుట్టిందట. సాదిక్ డిస్కు మార్చినప్పుడు విండోసును కొత్త పద్ధతిలో ఎక్కించి, బోర్డుకు ఆ సంగతి చెప్పి పెట్టాడు. నేను తీగ పీకగానే బోర్డు ఆ మాట మరిచిపోయి పాత పద్ధతిలో వెతుకుతోంది. డిస్కు ఉందని తెలుస్తుంది, దాంట్లో మొదలు దొరకదు. ఎంత తేలిక విషయం. నిజం చెప్పనా, ఆ నిమిషంలో నాకు పశ్చాత్తాపం కన్నా ముందు సంతోషం కలిగింది, ముడి విడిందని. సిగ్గు ఆ తరువాత రైల్లో వచ్చింది.

గురువారం గడియారాల అంగడిలో కొత్త సెల్ కొని వేశాను. సాదిక్‌కు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ‘మీరు లేదంటిరి, నేను నమ్మితిని మేడమ్. కస్టమరు మాట నమ్మొద్దని మా ఉస్తాదు అప్పుడే చెప్పినాడు’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ తగలాల్సిన చోట తగిలింది. అతను చెప్పినట్లు ఆ తెరలో ఒక్క వరుస పాతది తీసి కొత్తది పెట్టాను. కంప్యూటరు లేచి నిలబడింది, ఏమీ జరగనట్లు.

నాయనను పిలిచి చూపించి, సెల్ అయిపోయింది, అంతే నాయనా అన్నాను. మళ్ళీ సగమే చెప్పాను చూడు. ‘అట్లనా, మంచిది’ అని అరుగు మీదికి పోయాడు. కుర్చీలో కూర్చోలేదు. మౌసు తాకలేదు. ఆ రాత్రి నిద్ర పట్టక, నిన్న కాఫీ ఇచ్చి పూర్తిగా చెప్పేశాను. ప్లగ్గు పీకింది నేను, సాదిక్‌కు అబద్ధం చెప్పింది నేను, నీ చేతిది ఏమీ లేదు అని.

నాయన నమ్మలేదు.

‘చిన్నప్పుడూ నువ్వింతే. అమూల్య పగలగొట్టిన పలకను నేనే పగలగొట్టినా అని మీ అమ్మతో దెబ్బలు తినింటివి. ఇప్పుడు నా వంతు. నన్ను సమాధానం చేసేకి చెప్తాండావు, నాకు తెలుసులే తల్లీ’ అని నా తల నిమిరాడు. ఆ నిమరడం భరించడం కన్నా తిట్లు నయం. నిజం చెప్పినా చెల్లకపోతే మనిషి ఏం చెయ్యాలి? ఆధారం చూపించాలి. పాత సెల్ పారేయలేదు, కాగితంలో చుట్టి పెట్టాను. చూపిస్తాను, మళ్ళీ నీ కళ్ళముందే పీకుతాను అన్నాను. నాయన నావైపు వింతగా చూసి, ‘సరే, చూస్తాం’ అన్నాడు. వారం తరువాత మొదటిసారి ఆ కళ్ళలో ఏదో కదిలింది.

అందుకని ఈ పొద్దున కాలేజీ సెలవు కలిసొచ్చి, పాత సెల్ పెట్టి, సెట్టింగు మళ్ళీ సరిచేసి, లేచిందని ఇద్దరం చూసుకొని, ఆపి, తీగలన్నీ పీకాము. పీకింది నాయనే. అప్పటికి ఎనిమిది. ఇప్పుడు పదిన్నర. నేను ఈ ఉత్తరం ఆ గదిలోనే కూర్చొని రాస్తున్నాను. నాయన అరుగు మీద ఉన్నాడు గానీ పేపరు ఒకే పేజీ దగ్గర ఆగింది.

నా భయం నీకు చెబుతాను. పాత సెల్‌లో ప్రాణం ఎంత మిగిలి ఉందో చెప్పలేమని జోసెఫ్ అన్నాడు. ఒక్కోసారి పట్టుకుంటుందట, ఒక్కోసారి వదిలేస్తుందట. ఇప్పుడది పట్టుకుంటే? కంప్యూటరు మామూలుగా లేస్తే? నాయన నవ్వి, చూసినావా తల్లీ, తప్పు నీది కాదు అంటాడు. ఇక ఈ జన్మలో నమ్మడు. కంప్యూటరు లేవకూడదని దేవుడికి మొక్కిన మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

పదకొండుకు గుచ్చుదామని నాయన లోపలికి వచ్చి అంటున్నాడు. కాగితం పక్కన పెడుతున్నాను.

*

పన్నెండున్నర.

లేవలేదమ్మా. నల్లటి తెర. నాయన ముందుకు వంగి ఆ వాక్యం కూడబలుక్కుంటూ చదివాడు, రీబూట్ అండ్ సెలెక్ట్. ఆపి మళ్ళీ వేశాడు, మళ్ళీ చదివాడు. డిలీట్ మీట నొక్కి తేదీ చూపించాను. జనవరి ఒకటి. వేలితో ఆ తేదీని తాకి చూశాడు.

‘అయితే నేను కాదు.’

‘కాదు నాయనా.’

కుర్చీ లాక్కొని కూర్చున్నాడు. ఏ వరుస మార్చాలని అడిగి, నేను చెయ్యి పెట్టబోతే ‘నువ్వు తాకొద్దు’ అన్నాడు. వేలు వణికి పక్క మీట మీద పడింది, వెనక్కి తీసుకున్నాడు, మళ్ళీ నొక్కాడు. మూడోసారికి కుదిరింది. విండోస్ వచ్చింది. అక్కడితో ఆగలేదమ్మా. మళ్ళీ అంతా పీకించాడు, అరగంట ఆగి గుచ్చించాడు, లేవలేదని చూసుకొని, ఈసారి నన్ను గది బయట నిలబెట్టి ఒక్కడే సరిచేశాడు. ఆ తరువాతే కొత్త సెల్ వేయనిచ్చాడు.

అప్పుడు నావైపు తిరిగాడు.

‘సాదిక్ అడిగినప్పుడు నేను వాకిట్లోనే నిలబడి ఉండా కదా. నేనే నొక్కినా అని నేను అంటాంటే, నువ్వు వింటా ఉన్నావు కదా.’

అవునన్నాను. నాయన ఫోన్ తీసుకొని తిమ్మరాజుకు చేశాడు. అంచు గురువారమే ఇంకొకరికి ఇచ్చేశాడట. అది పోయింది, ఐదు వారాల పని వేరే చేతుల్లో ముగుస్తుంది. కొంగు మాత్రం ఇంకా ఎవరికీ చెప్పలేదట. దాన్ని తనకే ఉంచమని, బుధవారానికి చూపిస్తానని నాయన గట్టిగా చెప్పాడు. తిమ్మరాజు అవతల ఏదో వేళాకోళం ఆడినట్లున్నాడు, నాయన పెదవి ఒక పక్కకు పోయింది. ఫోన్ పెట్టగానే నన్ను చూసి మళ్ళీ మామూలైపోయింది.

అన్నం పెట్టాను. సంగటి గట్టిగా ఉందని పక్కకు తోశాడు. ఇన్ని రోజుల్లో మొదటిసారి వంక పెట్టాడు. ఇప్పుడు లోపల కూర్చొని కొంగు గీస్తున్నాడు, గది తలుపు వేసుకున్నాడు. నాతో మాటల్లేవు. ఎన్నాళ్ళుంటుందో తెలియదు. ఎన్నాళ్ళున్నా సరే అనిపిస్తోంది.

ఈ ఉత్తరం అందాక నువ్వు ఫోన్ చేసినప్పుడు నా మీద చెప్పుకుంటాడు. ఊ, ఆ అనడు, చాలాసేపే చెబుతాడు. మొత్తం విను. నడుమ నన్ను మాత్రం వెనకేసుకు రావద్దు.

అమూల్యకు, చిన్నదానికి నా ముద్దులు.

ఇట్లు,
ఈసారి పలక నిజంగానే పగలగొట్టిన
నీ పెద్దకూతురు
భాను